అటక మీది రేడియోకు కొత్త చెవి

మర్ఫీ, బుష్, ఫిలిప్స్, హెచ్ఎంవీ... ఒకప్పుడు హాల్లో బల్ల వేసి, లేసు గుడ్డ కప్పి కూర్చోబెట్టిన పెట్టెలు. ఫోన్‌లోని పాటను వాటి గొంతుతో వినాలన్న ముచ్చట చాలామందికి ఉంది. ఏది విప్పాలి, దేన్ని ముట్టుకోకూడదు?

అటక మీంచి పాత రేడియో దించగానే ఎవరికైనా ముందు పుట్టే బుద్ధి ఒకటే. దుమ్ము దులిపి, వైరు ప్లగ్గులో పెట్టి, పలుకుతుందో లేదో చూడటం. ఆ ఒక్క పనీ చేయకండి. ముప్పై నలభై ఏళ్లు మూలనపడ్డ వాల్వు సెట్టును ఉన్నపళంగా 230 వోల్టులకు కలిపితే, అప్పటిదాకా బాగుచేయదగ్గ స్థితిలో ఉన్నది కాస్తా నిమిషంలో పొగ వదులుతుంది.

కారణం కండెన్సర్లు. కరెంటును వడగట్టే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లో అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడు పొర ఉంటుంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే ఆ పొర పాడవుతుంది. అప్పుడది ఉత్త తీగముక్కలా కరెంటును వదిలేస్తుంది. ముందు రెక్టిఫయర్ వాల్వు, దాని వెనకే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కాలతాయి. మైనం పట్టించిన కాగితం కండెన్సర్లది ఇంకో రకం ద్రోహం. పైకి నిక్షేపంలా కనిపిస్తాయి, లోపల లీకవుతుంటాయి. ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకు పాటను పోనిచ్చి హై వోల్టేజీని ఆపడం వాటి పని. అవి ఆ వోల్టేజీని కూడా కొంచెం కొంచెంగా అవుట్‌పుట్ వాల్వు మీదికి వదులుతాయి. వాల్వు ఎర్రగా కాగుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. ఆ కండెన్సర్ ఇవాళ కొన్ని రూపాయలకు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఊళ్లు తిరగాలి.

పాత మెకానిక్‌ల బల్ల మీద ఎప్పుడూ ఒక సిరీస్ బల్బు ఉండేది ఇందుకే. సెట్టుకు వెళ్లే ఒక వైరులో 60 వాట్లదో, 100 వాట్లదో ఫిలమెంటు బల్బు వరసగా కలుపుతారు. సెట్టులో షార్ట్ ఉంటే కరెంటంతా బల్బు మింగి భగ్గున వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. పాత గుండు బల్బే కావాలి.

‘ఇ’ వాల్వా, ‘యు’ వాల్వా?

ఇంతవరకు సెట్టు ప్రాణం గురించి. మన ప్రాణం సంగతి వేరే ఉంది. వెనక అట్ట విప్పి వాల్వుల మీది అక్షరాలు చదవండి. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84... ఇలా ‘ఇ’తో మొదలైతే వాటి ఫిలమెంటు 6.3 వోల్టులది. ఆ సెట్టులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండే అవకాశమే ఎక్కువ. యూసీహెచ్81, యూఎల్84, యూవై85... ఇలా ‘యు’ కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. అవి ఏసీ, డీసీ రెండిటి మీదా నడిచేలా తయారైన సెట్లు. ఒకప్పుడు కలకత్తా లాంటి నగరాల్లో కొన్ని పేటలకు డీసీ కరెంటే వచ్చేది. డీసీ మీద ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదు. కాబట్టి ఫిలమెంట్లన్నిటినీ దండలా వరసగా కలిపి నేరుగా మెయిన్స్‌కు తగిలించారు. ఇలాంటి సెట్టులో అడుగునుండే ఇనప రేకు, అంటే చాసీ, మెయిన్స్ వైర్లలో ఒకదానికి సూటిగా కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే చాసీ మొత్తం ఫేజే. నాబ్‌ను బిగించే చిన్న స్క్రూకు కూడా ఆ కరెంటు పాకుతుంది. ఎవరి వేలూ తగలకూడదని కంపెనీలు ఆ స్క్రూ తల మీద మైనం నింపి పంపేవి. ఇన్నేళ్ల తర్వాత ఆ మైనం ఇంకా ఉందని నమ్మి చెయ్యి పెట్టేవాళ్లను ఏమనాలి?

‘యు’ సెట్టుకు ఫోను వైరు గానీ, బ్లూటూత్ బోర్డు గానీ కలపొద్దు. లోపలి సరుకంతా తీసి పక్కన దాచి పెట్టెను, స్పీకరును మాత్రం వాడుకోవాలి. లేదా ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఏమిటో తెలిసిన మెకానిక్‌కు అప్పగించాలి. మూడో దారి లేదు.

లైసెన్సు కట్టిన పెట్టె

ఈ పెట్టెలు ఇళ్లలోకి తేలిగ్గా రాలేదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద రేడియో ఉన్న ప్రతి ఇల్లూ లైసెన్సు తీసుకోవాల్సిందే. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి రావాలి. 1980ల మధ్యలో గానీ ఆ బాదరబందీ పూర్తిగా తొలగలేదు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పాత దస్తావేజుల మధ్య స్టాంపులంటించిన ఆ లైసెన్సు పుస్తకం దొరుకుతుంది. దొరికితే పారేయకండి. సెట్టు ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో చెప్పే కాగితం అదొక్కటే. పెళ్లిలో అల్లుడు సైకిలు, వాచీతో పాటు అలిగి సాధించుకున్న రేడియో అయితే కాగితం అక్కర్లేదు, పెద్దవాళ్లకు ఆ కథ తేదీతో సహా గుర్తుంటుంది.

కంపెనీల కథ క్లుప్తంగా. మర్ఫీ పుట్టింది ఇంగ్లండులోని వెల్విన్ గార్డెన్ సిటీలో, 1929లో. ఫ్రాంక్ మర్ఫీ, ఇ.జె. పవర్ కలిసి పెట్టారు. అక్కడ 1962లో ర్యాంక్ సంస్థ చేతికి పోయింది. ఇక్కడ మాత్రం ఠాణేలో తయారై, ముద్దులొలికే బాబు బొమ్మతో ఊరూరా అమ్ముడైంది. మీ సెట్టులో వాల్వుల మీద బీఈఎల్ అని ఉంటే అవి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌వి. 1954లో మొదలైన ఆ సర్కారు సంస్థ రక్షణ పరికరాలతో పాటు మన వంటింటి పాటలకు కావలసిన వాల్వులనూ చేసిపెట్టింది.

డయలు అద్దాన్ని తడిగుడ్డతో రుద్దకండి, అంకెలు ఊడొస్తాయి. పొడి కుంచెతో దులిపి చదవండి. మీడియం వేవ్‌లో హైదరాబాద్ ‘ఎ’ కేంద్రానిది 738 కిలోహెర్ట్జ్. విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గొంతు విప్పింది. నిజాం సంస్థానపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. షార్ట్‌వేవ్ వైపు ముల్లు జరిపితే సిలోన్. అక్కడి నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తుంటే సముద్రపు హోరులా వచ్చిపోయే ఆ ధ్వని కోసం చెవులు రిక్కించి కూర్చున్న తరం ఇంకా మన మధ్యే ఉంది.

ఆ తరం సెట్టును ఇవాళ బాగుచేయించి పెట్టినా స్టేషన్ కన్నా గరగరే ఎక్కువ వినిపిస్తుంది. మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. ఎల్ఈడీ బల్బు, ఇన్వర్టరు, సెల్‌ఫోను చార్జరు, సెట్‌టాప్ బాక్సు... కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి అతికించే ప్రతి వస్తువూ మీడియం వేవ్‌లో గోల చేస్తుంది. సెట్టు చెవి బాగానే ఉంది, ఇంట్లోనే రొద పెరిగింది. అందుకే దానికి ఇంకో చెవి కావాలి. 738 కిలోహెర్ట్జ్ అంటే దాదాపు 406 మీటర్ల పొడవున్న అల. దాన్ని పట్టడానికి డాబా మీద రాగి తీగ కట్టేవాళ్లు, గోడ పొడుగునా రాగి జాలీ ఏరియల్ సాగదీసేవాళ్లు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ అల పన్నెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. బోర్డు అంచున వంకర టింకరగా గీసిన అంగుళం రాగి గీత దానికి ఏరియల్. ఆ అల ఒకచోట నిలవదు కూడా. 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది. ముల్లుతో పట్టే వ్యవహారం కాదది.

పలికే సెట్టును కోయొద్దు

ఈ పని చేసేవాళ్లలో రెండు ముఠాలున్నాయి. ఒకరు లోపలున్నదంతా పీకేసి, పెట్టెకు వెనక కన్నాలు కొట్టి, నీలం రంగు ఎల్ఈడీ డిస్‌ప్లే ఉన్న ఎంపీ3 ప్యానెల్ బిగిస్తారు. ఇంకొకరు పాత స్క్రూ మార్చడం కూడా పాపమంటారు. నేను రెండో ముఠాకు దగ్గర. అయితే లోపల ఎలకలు కాపురం చేసి, ట్రాన్స్‌ఫార్మరు మాడి, వాల్వులు ఎవరో అమ్ముకున్న పెట్టెను దేవుడి గదిలో పెట్టి దండం పెట్టుకొమ్మని చెప్పను. పలికే సెట్టయితే, కొద్దిపాటి మరమ్మతుతో పలికేదైతే, దాన్ని కోయొద్దు. డొల్ల మిగిలితే ధైర్యంగా వాడుకోండి. రెండు చోట్లా ఒకటే షరతు. మీరు చేసింది రేపు మీ మనవడు విప్పేసి మొదటి స్థితికి తేగలిగేలా ఉండాలి.

పలికే వాల్వు సెట్టుకు బ్లూటూత్ కలపడం అనుకున్నదాని కన్నా సులువు. వెనక అట్ట మీద ‘గ్రామ్’ అనో, ‘పీయూ’ అనో రాసి ఉన్న రెండు కన్నాలు వెతకండి. గ్రామఫోను పళ్లేన్ని సెట్టుకు కలిపి దాని స్పీకర్లో రికార్డులు వినడానికి అప్పటివాళ్లు పెట్టిన దారి అది. 1950ల నాటి బల్ల సెట్లలో ఇది మామూలే. ‘ఇ’ వాల్వులూ మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరూ ఉన్న సెట్టయితే, కండెన్సర్లు మార్పించాక, చిన్న బ్లూటూత్ రిసీవర్ అవుట్‌పుట్‌ను ఆ కన్నాల్లోకి ఇస్తే చాలు. పాట ఫోన్లోంచి బయల్దేరి వాల్వులు దాటి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాటి, కాగితపు స్పీకర్లో పలుకుతుంది. పెట్టెకు ఒక్క గీత పడదు. నిజమైన మార్పిడి ఇదేనని నా అభిప్రాయం. డొల్లలో బోర్డు పెట్టడం రెండో రకం.

ఇక్కడో మెలిక ఉంది. ఫోను పాట స్టీరియో, ఎడమ ఒకటి, కుడి ఒకటి. సెట్టు గొంతు ఒక్కటే. రెండు వైర్లనూ కలిపి మెలేస్తే రిసీవరు మీద భారం పడి పాట చెడుతుంది. ఒక్కో వైరుకు ఒక కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, ఆ తర్వాత కలపాలి. ఎడమ ఒక్కటే ఇచ్చి ఊరుకున్నవాళ్లు వయొలిన్ ఏమైపోయిందా అని తర్వాత తలపట్టుకుంటారు.

ఇంట్లోనే చిన్న ఏఎం ట్రాన్స్‌మీటర్ పెట్టి, ఫోను పాటను మీడియం వేవ్‌లో వదిలి, సెట్టు ముల్లు తిప్పి పట్టే పద్ధతి కూడా ఉంది. ముచ్చటైనదే. కాకపోతే మన దేశంలో అనుమతి లేకుండా ప్రసారం చేయడం చట్టవిరుద్ధం. నేనైతే ఎవరికీ సలహా ఇవ్వను.

డొల్లలో మూడు వాట్లు

ఖాళీ పెట్టెల కోసం హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారు తిరగొచ్చు. బోర్డులకు కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్. బ్లూటూత్ బోర్డు, ఆంప్లిఫయర్ బోర్డు, చిల్లర సామాను అంతా కలిపినా ఖర్చు వందల్లోనే.

ఎక్కువమంది వాడేది పీఏఎం8403 అనే చిప్పు ఉన్న బోర్డు. గోరంత ఉంటుంది. 5 వోల్టుల మీద, 4 ఓమ్‌ల స్పీకరుకు చానలుకు 3 వాట్లు. మూడు వాట్లేనా అని పెదవి విరవకండి. పెద్ద ఈఎల్84 సెట్టు ఇచ్చింది కూడా నాలుగైదు వాట్లే, దానికే వీధి చివర దాకా వార్తలు వినపడేవి. ఆ స్పీకర్లు అంత పొదుపరులు. తేలికైన కాగితపు శంకువు, చుట్టూ పట్టున్న అయస్కాంతం, కాస్త కరెంటుకే కదులుతాయి.

స్పీకరును అలాగే ఉంచుకోగలమా అన్నది ముందు తేల్చుకోవాలి. వెనక అయస్కాంతం ఉన్నదైతే పనికొస్తుంది. 1930ల నాటి సెట్లలో అయస్కాంతం బదులు తీగ చుట్ట ఉంటుంది, దాన్ని ఫీల్డ్ కాయిల్ అంటారు. సెట్టులోని హై వోల్టేజీ ఆ చుట్టలో పారితేనే అది అయస్కాంతమవుతుంది. అలాంటి స్పీకరును కొత్త బోర్డుకు కలిపితే మూగగా కూర్చుంటుంది. స్పీకరు వైర్లను అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి విడదీయడం కూడా మరవొద్దు. వాల్వుకు అయిదారు వేల ఓమ్‌లు కావాలి, స్పీకరుది మూడు నుంచి అయిదు ఓమ్‌లు. ఈ రెండిటికీ పొత్తు కుదర్చడానికే ఆ ట్రాన్స్‌ఫార్మర్. కొత్త బోర్డుకు దానితో పనిలేదు. మూడు ఓమ్‌ల స్పీకరయితే ఒక ఓమ్ రెసిస్టర్ వరసలో పెట్టండి, చిప్పు చల్లగా ఉంటుంది.

ఇప్పుడు చాలా బోర్డుల్ని బలిగొన్న సంగతి. పాత సెట్లలో స్పీకరు వైర్లలో ఒకటి తరచుగా చాసీకి, అంటే ఎర్త్‌కు కలిసి ఉంటుంది. పీఏఎం8403లో స్పీకరుకు వెళ్లే రెండు వైర్లూ ప్రాణమున్నవే, ఏదీ ఎర్త్ కాదు. ఎర్త్‌కు తగిలితే చిప్పు పోవచ్చు. స్పీకరును చాసీతో సంబంధం లేకుండా పూర్తిగా విడిగా వైరింగ్ చేయాలి. ఎడమ, కుడి అవుట్‌పుట్లను కలిపి ఒక్క స్పీకరుకు ఇద్దామనే తెలివీ వద్దు. కలపాల్సింది ఇన్‌పుట్ దగ్గర, పైన చెప్పిన రెసిస్టర్లతో. ఒక చానల్ వాడి రెండోది ఖాళీగా వదిలేయండి.

అంతా కలిపి ఆన్ చేయగానే పాట వెనక సన్నగా ‘కుయ్య్’మంటూ ఒక కూత వినిపిస్తుంది. బ్లూటూత్ బోర్డుకూ ఆంప్లిఫయరుకూ ఒకే చార్జరు నుంచి 5 వోల్టులు ఇచ్చినప్పుడు, బ్లూటూత్ చిప్పు పనిచేసే లయ ఎర్త్ వైరు గుండా పాటలోకి చొరబడుతుంది. వైర్లు ఎన్నిసార్లు మార్చి అతికించినా పోదు. రెండే మందులు. బ్లూటూత్ బోర్డుకు బీ0505ఎస్ లాంటి చిన్న ఐసొలేటెడ్ కన్వర్టర్ ద్వారా కరెంటివ్వడం ఒకటి. పాట వెళ్లే దారిలో 600 ఓమ్‌ల చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం రెండోది. రెండోది నాకు ఇష్టం. పాత సెట్టులోంచి ఒక ట్రాన్స్‌ఫార్మర్ తీసి ఇంకోదాన్ని పెట్టినట్టుంటుంది.

230 వోల్టులను పెట్టెలోకి రానివ్వొద్దు. గోడ దగ్గరే మంచి కంపెనీ ఫోను చార్జరు, పెట్టెలోకి 5 వోల్టులు మాత్రమే. వైరు లేకుండా నడవాలంటే 18650 లిథియం సెల్లు, రక్షణ ఉన్న చార్జింగ్ బోర్డు, 5 వోల్టులకు పెంచే బూస్టర్ కావాలి. పాత లాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి తీసిన సెల్లును చెక్క పెట్టెలో పెట్టి ఇంట్లో ఉంచడం నాకు నచ్చని పని.

వాల్యూమ్ నాబ్ పాతదే తిరగాలని అందరికీ ఉంటుంది. పాత కంట్రోలు అర మెగాఓమో, మెగాఓమో ఉంటుంది. ఈ బోర్డులకు పది నుంచి యాభై కిలోఓమ్‌లది చాలు, కాబట్టి కంట్రోలు మార్చక తప్పదు. ఇక్కడో చిన్న చికాకు. పాత నాబ్ కన్నం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. కొత్త కంట్రోలు ఇరుసు 6 మిల్లీమీటర్లు. నాబ్ లొడలొడలాడుతుంది. ఇరుసుకు సన్న ఇత్తడి రేకు చుట్టండి, ఫెవిక్విక్ పోయకండి.

డయలు బల్బు స్థానంలో ఎల్ఈడీ పెట్టేటప్పుడు పసుపు వెలుతురుదే ఎంచుకోండి. తెల్లటిదో, నీలందో పెడితే మర్ఫీ కాస్తా మందుల షాపు బోర్డవుతుంది. స్టేషన్ సరిగ్గా దొరికిందో లేదో చూపుతూ పచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ వాల్వును కూడా బతికించాలని కొందరికి ఆశ. దానికి 200 వోల్టులకు పైగా కావాలి. కన్ను మూసుకుని ఉన్నా నష్టం లేదు, వదిలేయండి. బ్లూటూత్ బోర్డును మాత్రం చాసీ వెనకో, స్పీకరు అయస్కాంతం చాటునో పెట్టొద్దు. ఇనుము అడ్డొస్తే గది దాటగానే పాట తెగుతుంది. చెక్కకు ఆనించి, ఏరియల్ గీత ఇనుముకు దూరంగా ఉండేలా చూడండి.

ట్రాన్సిస్టర్ సెట్లది వేరే లెక్క. ఏసీ128 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత సెట్టు పలుకుతుంటే, వాల్యూమ్ కంట్రోలు దగ్గర ఒక కండెన్సర్ ద్వారా పాటను లోపలికి ఇస్తే చాలు, సెట్టే ఆంప్లిఫయరు. వీటిలో చాలావాటికి ఎర్త్ ప్లస్ వైపు ఉంటుంది. బ్లూటూత్ బోర్డు మైనస్‌ను అలవాటుగా ఎర్త్‌కు కలిపితే షార్టే. అందుకే బోర్డుకు విడి బ్యాటరీ మంచిది.

పెట్టె మీద చెయ్యి వేసే ముందు

చెక్క పెట్టెకు గరుకు కాగితం పట్టొద్దు. పైనున్న టేకు పొర కాగితమంత పల్చన, అరిగితే కింది చవక చెక్క బయటపడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, లక్క పాలిష్ పల్చగా రెండు మూడు పూతలు వేస్తే చాలు. చెదలు పట్టిందేమో అడుగున తట్టి చూడండి. బేకలైట్ పెట్టెకు డ్రిల్లు పెట్టొద్దు, పగులు ఒకసారి మొదలైతే ఆగదు. స్పీకరు ముందున్న గుడ్డ చిరిగితే గాలి ధారాళంగా పోయే గుడ్డే వేయాలి. పట్టుచీర అంచు అందంగానే ఉంటుంది, పాట మాత్రం దుప్పటి కప్పుకుంటుంది.

తీసిన చాసీని ఇనప సామాన్ల వాడికి వేయొద్దు. ఏ వాల్వు ఏ గూట్లోదో ఫోన్లో ఫొటో తీసి, ప్రింటు వేసి దానితో పాటే అట్టపెట్టెలో పెట్టండి.

ఏది బాగుంటుంది, ఏది బాగుండదు

ఇంత శ్రమపడి ఆన్ చేశాక కొత్త సినిమా పాట పెట్టి నిరాశపడేవాళ్లే ఎక్కువ. ఆ దబదబల బాస్‌కు కాగితం శంకువు గిలగిల కొట్టుకుంటుంది, ఎక్కువసేపు వాయిస్తే చిరిగిపోతుంది కూడా. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ పది కిలోఓమ్‌ల చుట్టుపక్కల ఉంటే, వరసలో 0.22 మైక్రోఫారడ్ కండెన్సర్ పెట్టండి. 70 హెర్ట్జ్ కింద ఉండే ఉరుము తగ్గిపోతుంది. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. అందులో ఇమిడే పాటకు 4.5 కిలోహెర్ట్జ్‌కు మించి పైస్థాయి అక్కర్లేదు. ఈ స్పీకర్లనూ, వెనక తెరిచి ఉన్న ఈ పెట్టెలనూ ఆ కొలతకే చేశారు. మనిషి గొంతు సరిగ్గా అందులోనే కూర్చుంటుంది. ఘంటసాల పద్యం, లీల ఆలాపన, హరికథ, వార్తలు వీటిలో పలికినట్టు వేల రూపాయల కొత్త స్పీకర్లలో పలకవంటే నేను ఒప్పుకుంటాను. రూపం ఒక్కటే చాలనుకునేవాళ్లకు 2017లో సరిగమ వాళ్లు తెచ్చిన కారవాన్ ఉంది. పాత రేడియో వేషంలో అయిదు వేల పాటలు. తప్పేం లేదు, కాకపోతే అందులో చెక్క పెట్టె గొంతు ఉండదు.

ఇక విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో గరగర లేకుండా వస్తాయి. ఫోన్లో పెట్టి సెట్టుకు కలిపితే, ముల్లు సిలోన్ మీద ఆగి ఉన్నా విజయవాడ పలుకుతుంది. పెద్దవాళ్లు అలవాటుకొద్దీ ట్యూనింగ్ నాబ్ తిప్పుతూనే ఉంటారు. దాన్ని వ్యర్థం చేయడం ఇష్టం లేనివాళ్లు బ్లూటూత్ బోర్డులో తర్వాతి పాట, ముందటి పాట బటన్లకు వైర్లు లాగి ఆ నాబ్‌కు కడతారు.

చివరగా ఇరుగుపొరుగు సమస్య ఒకటి. చవక బ్లూటూత్ బోర్డుల్లో చాలావాటికి పాస్‌వర్డ్ ఉండదు, దగ్గరలో ఎవరి ఫోను అడిగినా తలూపేస్తాయి. అపార్టుమెంటులో పై ఫ్లాటు కుర్రాడు సరదాకు ఒకసారి కలిపాడంటే, తెల్లవారుజామున మీ హాల్లోని బుష్ తనంతట తాను మాస్ పాట ఎత్తుకోవచ్చు. అందుకని పాత వాల్యూమ్ నాబ్‌కు ఉండే టిక్కుమనే స్విచ్చు లాంటిదే కొత్త కంట్రోలుకూ ఉన్నది కొనండి, 5 వోల్టుల వైరును దాని గుండా పోనివ్వండి. పడుకునే ముందు నాబ్ వెనక్కి తిప్పేస్తే బోర్డుకు కరెంటే ఉండదు.